పెద్దింట్లమ్మ వెయ్యని ఒట్టు

పెద్దింట్లమ్మకి మోకాళ్ళ నొప్పులు. ఈ సంగతి రామచంద్రపురంలో ఆమె గంప దించే ప్రతి వీధికీ తెలుసు. షేర్ ఆటో దిగాలంటే ఒక చేత్తో కమ్మీ, ఇంకో చేత్తో పక్కవాళ్ళ భుజం పట్టుకోవాలి. దిగాక కూడా నాలుగడుగులు వేసేదాకా ఆ "అమ్మో, అమ్మో" ఆగదు. అలాంటి మనిషిని పట్టుకుని ఆ వేసవిలో ఎవరు కనబడితే వాళ్ళు, "నీకేంటమ్మా, మోకాళ్ళు బాగైపోయాయంటగా! ఆ నూనె మాకూ ఓ సీసా ఇప్పిద్దూ" అనడం మొదలుపెట్టారు.

"ఏం నూనండీ? నాకు తెలిసింది పామాయిలు ఒక్కటేనండి" అంటే, "అబ్బో, ఎంత గుట్టో!" అని నవ్వేవాళ్ళు. మొదటి రోజు ఆమె కూడా నవ్వింది. రెండో రోజు ఊరుకుంది. ఆ తర్వాత ఇంటికొచ్చి గంప అరుగు మీద దబ్బున పడేసి, "ఊరందరికీ ఒకేసారి పిచ్చెక్కిందే" అని కోడలితో అంది.

కోడలు వీరదుర్గ ఫోన్ తీసి చూపించింది. చూపించకుండా ఉండాల్సిందని తర్వాత ఎన్నిసార్లు అనుకుందో.

ఫోన్లో పెద్దింట్లమ్మ ఉంది. అదే ముఖం, అదే ముక్కుపుడక, మాట్లాడేటప్పుడు ఎడమ కనుబొమ్మ కొంచెం పైకెత్తే అలవాటు కూడా అదే. వెనకాల వలల మీద ఎండుతున్న నెత్తళ్ళ చేపలు. ఆ ఫోన్లో పెద్దింట్లమ్మ గుండె మీద చెయ్యేసుకుని చెబుతోంది: "పదేళ్ళు మంచం మీద ఉన్నానండి. ఈ గంగాసంజీవి తైలం రాశాక లేచి పరిగెడుతున్నానండి. గంగమ్మ తోడండి!"

పదేళ్ళు మంచం మీద ఉన్నాననే అబద్ధానికి ఆమెకి కోపం రాలేదు. పరిగెడుతున్నానంటే నవ్వొచ్చింది. చివరి మాట వినగానే మాత్రం ఫోన్ కోడలి ఒళ్ళోకి విసిరేసి, చెంపలు వాయించుకుని, లోపలికెళ్ళి కూచుంది.

ఆమె కోపం అర్థం కావాలంటే ఆమె బేరం తెలియాలి. యానానికి దిగువన, గోదావరి పాయ సముద్రంలో కలిసే మొగ దగ్గర ఒక పాలెం వాళ్ళది. అందరూ వేట మీద బతికేవాళ్ళే. మగవాళ్ళు తెచ్చింది ఆడవాళ్ళు ఎండేసి, గంపలకెత్తుకుని, డెల్టా ఊళ్ళలో అమ్ముకొస్తారు. నెత్తళ్ళు, సావడాయిలు, ఎండురొయ్యలు. గుమ్మంలో గంప దించగానే ఇంటావిడ అడిగేది ఒకటే: "ఇసకలో ఎండేసినవా, వల మీద ఎండేసినవా?" అమ్మేవాళ్ళు చెప్పేదీ ఒకటే: "గంగమ్మ తోడండి, వల మీదేనండి." ఇసకలో ఎండేసినవాళ్ళూ అదే చెబుతారు. ఆ తల్లి పేరు రోజుకి ఎన్ని గుమ్మాల్లో ఎన్ని గుప్పిళ్ళ రొయ్యలకి ఖర్చవుతుందో లెక్కే లేదు.

పెద్దింట్లమ్మ ఒక్కతే ఆ పేరెత్తదు. "ఒట్టెయ్యి, తీసుకుంటాను" అని ఎవరైనా అంటే, గంపలోంచి నాలుగు నెత్తళ్ళు తీసి వాళ్ళ అరచేతిలో పెడుతుంది. "నలిపి చూసుకోండి. ఒట్లు నేనెయ్యనండి" అంటుంది. ఎందుకెయ్యవంటే చెప్పదు. మొదట్లో పొగరనుకున్నారు. బేరాలు కూడా పోయాయి. పోతే పోయాయంది. కొన్నేళ్ళు గడిచేసరికి అదే ఆమెకి పేరైంది.

కారణం తొంభై ఆరు తుఫాను. అప్పటికి ఆమెకి పెళ్ళయి ఎంతో కాలం కాలేదు, కొడుకు రాజేంద్ర కడుపులో ఉన్నాడు. మొగుడు వేటలో ఉండగా గాలి తిరిగింది. పాలెంలో మిగిలిన ఆడవాళ్ళంతా ఒడ్డున కూచుని గుండెలు బాదుకుంటుంటే, ఆమె ఏడవలేదు. నీళ్ళకేసి చూస్తూ "గంగమ్మా" అని పిలిచింది, అంతే. అది ఇస్తాను, ఇది ఇస్తానని మొక్కలేదు. ఇవ్వడానికి ఏమీ లేదు కూడా. చాలామంది రాలేదు. ఆమె మొగుడు మడ చెట్లు పట్టుకుని, బురదలో ఈదుకుంటూ, ఒంటి మీద గుడ్డ లేకుండా వచ్చాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికి, ఇంట్లో, మంచం మీద, అందరి మధ్యా పోయాడు. వేటకెళ్ళేవాడికి అంతకంటే అదృష్టం ఏముంటుంది? పిలిస్తే పలికిన పేరుని నెత్తళ్ళ బేరానికి వాడకూడదని ఆమె అప్పుడే అనుకుంది. అది ఎవరికీ చెప్పే విషయం కాదని కూడా అనుకుంది.

అలాంటి పేరు తీసుకెళ్ళి వాడెవడో నూనె సీసా మీద అతికించాడు. ఇంతకీ ముఖం ఎలా దొరికిందంటే, అంతకుముందు ఏడాది ఆశాజ్యోతి అనే అమ్మాయి వంటల వీడియోల కోసం పాలెం వచ్చింది. ఎండుచేపలు ఎలా ఎండేస్తారో అడిగింది. పెద్దింట్లమ్మ సంబరపడిపోయి అరగంట చెప్పింది. ఆ పిల్ల తప్పేం లేదు. విషయం తెలిశాక ఫోన్ చేసి ఏడ్చింది కూడా. ఆ అరగంటలోంచి ఎవడో ముఖం కోసుకుని, గొంతు కోసుకుని, తనకి కావలసిన మాట కుట్టుకున్నాడు. దాన్ని డీప్‌ఫేక్ అంటారని వీరదుర్గ చెప్పింది. "పేరు కూడా పెట్టారా దానికి!" అని పెద్దింట్లమ్మ మండిపడింది.

ఆ వీడియో చూసిన మర్నాడు రామచంద్రపురం వెళితే రామతులసి గారు గుమ్మంలోనే కుర్చీలో కూచుని ఉన్నారు. పొలాలూ కొబ్బరితోటలూ ఉన్న ఇల్లు. రాజేంద్ర చిన్నప్పటినుంచీ ఆ గుమ్మంలో గంప దించుతోంది పెద్దింట్లమ్మ. ఆవిడకీ మోకాళ్ళ నొప్పులే. ఇద్దరూ ఎండురొయ్యల్లో వంకాయ సంగతి ఎంత మాట్లాడుకున్నారో, మోకాళ్ళ సంగతీ అంతే మాట్లాడుకున్నారు. ఆ రోజు ఆవిడ చీర కొంచెం పైకి జరిపి చూపించారు. రెండు మోకాళ్ళూ ఎర్రగా కమిలి, బొబ్బలెక్కి, తెల్లటి మందు పూసి ఉన్నాయి.

"ఆ నూనేనే పెద్దింట్లమ్మా" అన్నారు. కోపంగా అనలేదు. అదే ఇంకా బాధగా ఉంది.

పెద్దింట్లమ్మ గంప కింద పెట్టింది. ఇక నోరు ఆగలేదు. "ఏంటమ్మగారూ, మీరు కూడానా! ఇన్నేళ్ళ నుంచి మీ గుమ్మంలోకి వస్తున్నాను. ఒక్కసారన్నా ఒట్టేశానా అండి? మీరే ఎన్నిసార్లు అడిగుంటారు, వేశానా? ఆ ఫోన్లో ముండ గంగమ్మ తోడు అనగానే అది నేను కాదని మీకు తెలియొద్దా అండి? ఎలా నమ్మారండి?"

రామతులసి గారు చీర సర్దుకున్నారు. "అందుకే నమ్మానే" అన్నారు. "అందరూ వేసే ఒట్టు ఎవరు నమ్ముతారు? మా పెద్దింట్లమ్మ ఎప్పుడూ వెయ్యదు, ఇప్పుడు వేసిందంటే ఎంత నిజమైతే వేసుంటుందో అనుకున్నాను. మా తోడికోడలికి కూడా అదే చెప్పి కొనిపించాను."

పెద్దింట్లమ్మ వంగి, గంప ఎత్తుకుని, ఏమీ అమ్మకుండా వెనక్కి తిరిగింది. ఆవిడ వెనకనుంచి పిలుస్తూనే ఉన్నారు. ఇన్నేళ్ళుగా నోరు కట్టుకుని కూడబెట్టిందంతా ఆ నూనెవాడు ఒక్క రోజులో ఖర్చు పెట్టేశాడని ఆటోలో కూచున్నాక అర్థమైంది. పక్కన కూచున్నావిడ, "నువ్వు ఫోన్లో ఆవిడవి కదూ?" అంది. "కాదు" అంది పెద్దింట్లమ్మ. "అచ్చం నీలాగే ఉందమ్మా" అంది ఆవిడ, ఏదో మెచ్చుకుంటున్నట్టు.

కోడలు పట్టుబట్టి పట్నం పోలీస్ స్టేషన్‌కి తీసుకెళ్ళింది. ఉదయభాస్కర్ అని ఒక కానిస్టేబుల్, మంచివాడే, కుర్చీ వేయించి కూచోబెట్టాడు. వీడియో చూశాడు.

"ఇది మీరేనామ్మా?"

"కాదండి."

"మీలాగే ఉందండి."

"నాలాగే ఉందనే కదండీ వచ్చింది!"

అతను తల గోక్కున్నాడు. గొంతు పోల్చి చూడాలన్నాడు. "ఆ వీడియోలో మాటే మీరు ఓసారి చెప్పండమ్మా. రికార్డు చేసి పంపిస్తాం. రెండూ పక్కపక్కన పెట్టి వాళ్ళు తేలుస్తారు."

"ఏ మాటండి?"

"అదేనమ్మా. గంగమ్మ తోడు అని చివర్లో."

పెద్దింట్లమ్మ కుర్చీలోంచి లేచింది. మోకాళ్ళు కలుక్కుమన్నా ఆగలేదు. "నేను ఆ మాట అనలేదని చెప్పడానికి వస్తే, నాచేత ఆ మాట అనిపిస్తారాండి? నా పేరు చెబుతాను, నా ఊరు చెబుతాను, సముద్రంలో ఉన్న చేపల పేర్లన్నీ చెబుతాను, రాసుకోండి. ఆ మాట మాత్రం అనను."

"అదే మాటైతే తేలిగ్గా తేలుతుందమ్మా" అన్నాడతను. పాపం, గోడకి చెప్పుకున్నట్టయింది అతనికి కూడా. చివరికి సావడాయిల గురించి నాలుగు ముక్కలు రికార్డు చేసుకుని పంపిస్తానన్నాడు. వీడియో ఒకచోట తీయించాడు. వారం తిరక్కుండా ఇంకో మూడు చోట్ల కనబడింది. ఒకదాంట్లో ఆమె జుట్టుకి రంగు కూడా వేశారు.

ఇదంతా ఒక ఎత్తు, పాలెం ఒక ఎత్తు. చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు పెట్టే వేట నిషేధం అయిపోవస్తోంది. బోట్లకి రంగులేస్తున్నారు, వలలు బాగు చేస్తున్నారు. నిషేధం ఎత్తేసిన రోజు పొద్దున్నే ఒడ్డున గంగమ్మకి పూజ చేసి, అందరూ ఒకేసారి బోట్లు దించుతారు. ఆ పూజకి ముందు పెద్దలు వలల షెడ్డులో కూచోవడం మామూలే. ఈసారి పెద్దింట్లమ్మని పిలిచారు.

పెద్దల్లో పెద్ద పల్లంరాజు. ఆమె మొగుడికి వరసకి అన్న, ఆమెకి బావగారు. మనిషి చెడ్డవాడు కాదు. ఒక విషయం తలకెక్కితే దిగదు, అంతే. గంగమ్మ పేరు మీద అబద్ధపు ఒట్టు పడితే ఆ ఇంటి బోటు నీళ్ళలోకి వెళ్ళకూడదు. వెళితే దాంతో పాటు వెళ్ళినవాటికీ మంచిది కాదు. ఇది పాలెం పుట్టినప్పటినుంచీ ఉన్న కట్టుబాటు. బేరంలో వేసే ఒట్లు మరి ఎందుకు లెక్కలోకి రావంటే, అవి ఎవరూ పట్టించుకోరు కాబట్టి. ఇది మాత్రం రాష్ట్రమంతా చూసింది.

"వేసింది నేను కాదు బావగారూ" అంది పెద్దింట్లమ్మ.

"నువ్వు కాదని మాకు తెలుసమ్మా" అన్నాడు పల్లంరాజు.

"తెలిస్తే ఇంకేంటి?"

"ముఖం నీదే కదా. గొంతు నీదే కదా. గంగమ్మకి ఈ ఫోన్లూ మిషన్లూ ఏం తెలుస్తాయి? ఆవిడకి వినబడింది నీ గొంతు."

"అంటే మీ అందరికీ తెలిసింది గంగమ్మకి తెలియదంటారా?"

షెడ్డులో ఎవరో కిసుక్కున నవ్వారు. పల్లంరాజు నవ్వలేదు. రెండు దారులు చెప్పాడు. తప్పైందని ఒప్పుకుని, పసుపు నీళ్ళు పోసి, తప్పు కింద డబ్బు కట్టడం ఒకటి. లేదా హారతి మీద చెయ్యి పెట్టి, నేను వెయ్యలేదని గంగమ్మ మీద ఒట్టెయ్యడం. ఏదో ఒకటి చేస్తే రాజేంద్ర బోటు అందరితో పాటు దిగుతుంది.

పెద్దింట్లమ్మకి తల ప్రాణం తోకకొచ్చింది. తప్పు కడితే ఆ ముండ మాట తనదేనని ఒప్పుకున్నట్టు. ఒట్టేస్తే, ఎన్నో ఏళ్ళుగా వెయ్యనిది వేసినట్టు. "ఒట్టెయ్యలేదని ఒట్టెయ్యమంటారేంటండీ! మీకైనా వినడానికి ఎలా ఉంది?" అని నెత్తీ నోరూ కొట్టుకుంది. "అందులో ఏముందమ్మా, ఒక్క మాట" అన్నారు అందరూ. ఒక్క మాటే అని చెప్పినవాళ్ళందరినీ గోదాట్లో ముంచాలనిపించింది ఆమెకి.

రాజేంద్ర తల్లిని బలవంతం చేసే మనిషి కాడు. కానీ అతని బోటులో వేటకొచ్చే జీవరాజు మర్నాడు పొద్దున్న ఇంటికొచ్చి, గుమ్మం బయటే నిలబడ్డాడు.

"పిన్నీ, తప్పుగా అనుకోకు. ఇలాంటివాటి మీద నాకు నమ్మకం లేదనుకో. మా ఆడది మాత్రం ఆ బోటెక్కితే ఇంట్లోకి రానివ్వనంటోంది. మిగతావాళ్ళ ఇళ్ళలోనూ అదే."

"ఎవరూ ఎక్కరా?"

"ఎవరూ ఎక్కరు పిన్నీ."

మొగుడి తర్వాత ఆ బోటే వాళ్ళకి అన్నం పెట్టింది. రెండు నెలలుగా రాజేంద్ర దానికి తన చేతుల్తో రంగేసుకున్నాడు. ముందుభాగాన కొడుకు పేరు రాయించాడు. వీరదుర్గ మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ, "అత్తా, నిన్ను వెయ్యమని నేను చెప్పను. వద్దని చెప్పడానికీ నోరు రావట్లేదు" అంది. పెద్దింట్లమ్మ ముద్ద కలిపి అలాగే వదిలేసింది.

పూజ రోజు ఒడ్డంతా పసుపూ వేపమండలే. డప్పులు మోగుతున్నాయి. బోట్లన్నీ వరసగా నీళ్ళకేసి తిరిగి ఉన్నాయి. రాజేంద్ర బోటు ఒక్కటే ఇసకలో వెనక్కి ఉంది, దాని పక్కన రాజేంద్ర ఒక్కడే ఉన్నాడు. పెద్దింట్లమ్మ ఇంట్లోంచి బయలుదేరినప్పుడు ఏం చెయ్యాలో తేల్చుకోలేదు. కొడుకు అలా ఒక్కడే నిలబడి, ఎవరి కళ్ళలోకీ చూడకుండా, తాడు ముడి విప్పి మళ్ళీ అదే ముడి వేస్తుంటే చూసింది. అప్పుడు తేలిపోయింది.

నేరుగా గంగమ్మ గద్దె దగ్గరికి నడిచింది. "వెలిగించండి" అంది.

పల్లంరాజు ముఖం వెలిగిపోయింది. కర్పూరం వెలిగించాడు. వెంటనే చుట్టూ ఫోన్లు లేచాయి. కోడళ్ళు, కుర్రాళ్ళు, ముసలాళ్ళు, ఒకరి భుజం మీంచి ఒకరు.

"దించండి" అంది పెద్దింట్లమ్మ.

"సాక్ష్యం ఉండాలి కదమ్మా" అన్నాడు పల్లంరాజు. "రేపెవడైనా అడిగితే చూపించడానికి."

"సాక్ష్యమా! ఫోన్లో ఉన్నది సాక్ష్యమైతే ఈ రోజు నేనిక్కడెందుకున్నాను బావగారూ? మీ కళ్ళతో చూడండి. మీ చెవుల్తో వినండి. ఇప్పటికైనా!"

ఆ గొంతుకి డప్పులు కూడా ఆగిపోయాయి. ఒక్కొక్కటిగా ఫోన్లు దిగాయి. ఆమె హారతి మీద అరచెయ్యి పెట్టింది. నీళ్ళకేసి చూసింది.

"గంగమ్మ తోడు. నేనెప్పుడూ నీ పేరు మీద ఒట్టెయ్యలేదు."

అంతే, డప్పులు ఒక్కసారి లేచాయి. జీవరాజూ, మిగతావాళ్ళూ పరిగెత్తుకెళ్ళి రాజేంద్ర బోటుకి భుజాలానించారు. ఇసకలోంచి అది కదిలి, నీళ్ళు తాకి, మిగతా వాటితో కలిసింది. పల్లంరాజు ఆమె దగ్గరికొచ్చి కుంకుమ పెట్టించి, "ఇంతే కదమ్మా! ఈ ముక్క ఆ రోజే అనేస్తే పోయేది కదా. దీనికింత రాద్ధాంతం చేశావు" అన్నాడు, ప్రేమగానే. ఆమెకి అతనితో వాదించే ఓపిక లేదు.

జనం బోట్ల వెంట నీళ్ళలోకి వెళ్ళాక ఆమె ఇసకలో కూలబడింది. వీరదుర్గ వచ్చి పక్కన కూచుంది. అత్త ముఖం చూసి భయపడింది.

"ఏడుస్తున్నావేంటత్తా? అయిపోయిందిగా. అందరూ నమ్మారు."

"నేనేమన్నానో విన్నావా?"

"విన్నాను. ఎప్పుడూ ఒట్టెయ్యలేదన్నావు. నిజమేగా?"

"అనేదాకా నిజమేనే. అన్నాక ఇంకెక్కడిది నిజం?"

వీరదుర్గకి ఒక్క క్షణం పట్టింది. అర్థమయ్యాక అత్త చెయ్యి పట్టుకుంది. కర్పూరం మసి ఇంకా ఆ అరచేతిలో ఉంది. దూరంగా బోట్లు మొగ దాటుతున్నాయి. రాజేంద్ర లేచి నిలబడి ఒడ్డుకేసి చెయ్యి ఊపాడు. పెద్దింట్లమ్మ కూడా రెండో చెయ్యి ఎత్తి ఊపింది.

"రేపట్నుంచి ఆ గుమ్మాల్లో ఎవరైనా ఒట్టెయ్యమంటే, నేనెయ్యనండీ అనడానికి లేదు" అంది, కొడుకు మీంచి చూపు తిప్పకుండా. "వాడెవడో, ముఖమైనా తెలీనివాడు, ఆ మాట నా నోట్లో పెట్టాడు. నేను కాదు, నేను కాదు అని ఊరూరా అరిచాను. చివరికి నిజంగానే నాచేత అనిపించాడే."